గొంతు, నోటి క్యాన్సర్ ఉన్నవాళ్లకు ట్యూబుతో ఆహారం: ఇంట్లో రోజూ ఎలా ఇవ్వాలి

మా అన్నయ్యకు నాలుక వెనక భాగంలో క్యాన్సర్. రేడియేషన్ నాలుగో వారంలో ఉండగా డాక్టరుగారు ట్యూబు పెట్టాలన్నారు. అప్పటికి మూడు రోజులుగా ఆయన మంచినీళ్లు కూడా గుటక వేయలేక, గ్లాసు చూస్తేనే మొహం తిప్పుకుంటున్నారు. అయినా ఆ మాట వినగానే ఇంట్లో అందరం ఏదో చేయి దాటిపోయినట్టు కూలబడ్డాం. తర్వాత ఐదు నెలలు ఆ ట్యూబుతోనే నేను ఆయనకు తిండి పెట్టాను. మొదటి వారంలో నాకెవరైనా వివరంగా చెప్పి ఉంటే బాగుండునని అనిపించినవన్నీ ఇక్కడ రాస్తున్నాను. మీరు రోగి అయినా, రోగిని చూసుకునేవాళ్లయినా, మీ ఆసుపత్రి వాళ్లు రాసిచ్చిన కాగితంలోని కొలతకూ నేను రాసిన కొలతకూ తేడా ఉంటే వాళ్ల కాగితాన్నే పాటించండి, ఎందుకంటే వాళ్లు మీ మనిషిని చూసి రాశారు.

ముందు ట్యూబు ఎందుకో అర్థం చేసుకోండి

తల, మెడ భాగాల క్యాన్సర్‌కు రేడియేషన్ సాధారణంగా వారానికి ఐదు రోజుల చొప్పున ఆరేడు వారాలు సాగుతుంది. రెండో వారమో మూడో వారమో వచ్చేసరికి నోరు, గొంతు పూసి పుండ్లు పడతాయి, ఉమ్మి జిగురులా సాగుతుంది, రుచి పోతుంది. చాలామంది రేడియేషన్ అయిపోగానే తగ్గిపోతుందనుకుంటారు కానీ, చివరి వారమూ ఆ తర్వాత ఒకటి రెండు వారాలూ అన్నిటికన్నా కష్టంగా ఉంటాయి. ఈ మధ్యలో మనిషి బరువు బాగా తగ్గితే, మొహానికి అచ్చంగా సరిపోయేలా చేసిన రేడియేషన్ మాస్కు వదులవుతుంది, కొలతలన్నీ మళ్లీ తీసుకోవాల్సి రావచ్చు. నీరసంతో నాలుగు రోజులు చికిత్స ఆగితే ఆ నష్టం జబ్బు తగ్గే అవకాశం మీదే పడుతుంది. అందుకని ట్యూబు పెట్టారంటే చేతులెత్తేశారని అర్థం కాదు, చికిత్సను చివరిదాకా ఆపకుండా నడిపించడానికి పెట్టారని. ఈ మాట రోగికి మీరే చెప్పాలి, అదీ ఒక్కసారి చెప్పి వదిలేస్తే సరిపోదు.

మీ ట్యూబు ఏ రకమో తెలుసుకోండి

ముక్కులోంచి కడుపులోకి వెళ్లేది ఒకటి, దీన్నే రైల్స్ ట్యూబు అంటుంటారు. నాలుగు నుంచి ఆరు వారాల లోపు అవసరానికి ఎక్కువగా ఇదే వేస్తారు. అంతకన్నా ఎక్కువ కాలం కావాలనిపిస్తే పొట్ట మీద చిన్న రంధ్రం చేసి నేరుగా కడుపులోకి పెట్టే పెగ్ ట్యూబు వేస్తారు. పొట్ట కోయాల్సిన పెద్ద ఆపరేషనేమీ కాదది. 1980లో గాడరర్, పాన్‌స్కీ అనే వైద్యులు ఎండోస్కోపీ (నోటి ద్వారా కడుపులోకి దించే కెమెరా గొట్టం) సాయంతో, కడుపు తెరవకుండా దీన్ని పెట్టే పద్ధతిని ప్రచురించారు, అప్పటినుంచీ అదే వాడుకలో ఉంది. గొంతులో గడ్డ అడ్డంగా ఉండి ఎండోస్కోపు పోకపోతే ఎక్స్‌రే సాయంతో కూడా పెడతారు.

ఇంటికి వచ్చే ముందు వీటిని అడిగి ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి: ట్యూబు పేరు, సైజు, ఏ తేదీన వేశారు, ముక్కు దగ్గరో పొట్ట చర్మం దగ్గరో ఎన్ని సెంటీమీటర్ల గుర్తు కనిపిస్తోంది, పొట్ట ట్యూబు అయితే లోపల దాన్ని పట్టి ఉంచేది గట్టి బిళ్ళా లేక నీళ్లు నింపిన బెలూనా, ఎప్పుడు మార్చాలి, రాత్రిపూట సమస్య వస్తే ఏ నంబరుకు ఫోన్ చేయాలి. ట్యూబు చివర కడుపులో ఉందా, చిన్నపేగులో ఉందా అన్నది కూడా తప్పకుండా అడగండి. పేగులో ఉంటే సిరంజితో ఒక్కసారిగా ఇవ్వకూడదు, పంపుతో నెమ్మదిగానే పోవాలి. నేను కింద చెప్పేదంతా కడుపులోకి వెళ్లే ట్యూబు గురించే.

ఎంత ఇవ్వాలి

ఈ లెక్క డైటీషియన్ వేస్తారు, వేయకపోతే అడిగి వేయించుకోండి. కానీ ఆ లెక్క ఎలా వస్తుందో మీకూ తెలిస్తే మంచిది. మామూలుగా కిలో బరువుకు రోజుకు 25 నుంచి 30 కేలరీలు, 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్, 30 నుంచి 35 మిల్లీలీటర్ల నీళ్లు అని మొదలుపెడతారు. 60 కిలోల మనిషికి కిలోకు 30 చొప్పున వేస్తే 1800 కేలరీలు, 72 నుంచి 90 గ్రాముల ప్రొటీన్, మొత్తం మీద 1800 నుంచి 2100 మిల్లీలీటర్ల నీళ్లు అన్నమాట. ట్యూబులో పోయడానికి డబ్బాల్లో దొరికే ఆహారాన్ని ఫార్ములా అంటారు. ఆ డబ్బా మీద మిల్లీలీటరుకు 1.5 కేలరీ అని ఉంటే 1200 మిల్లీలీటర్లు సరిపోతాయి, రోజుకు ఆరుసార్లు 200 చొప్పున. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. ఫార్ములా ద్రవమే కదా, నీళ్లు అందుతున్నాయి కదా అనుకుంటారు. ఆ 1200లో అసలు నీళ్లు సుమారు 900 మాత్రమే, మిగతా 900 నుంచి 1200 మీరు విడిగా ఇవ్వాలి. ప్రతి ఫీడ్‌కు ముందు 60, తర్వాత 60 మిల్లీలీటర్లు ఇస్తే 720 అవుతుంది, మందులతో పోయే నీళ్లు, మధ్యలో ఇచ్చే ఒకటి రెండు సిరంజిలు కలిపితే లెక్క సరిపోతుంది. సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు తీసుకునేవాళ్లకు ఈ నీళ్ల లెక్క మరీ ముఖ్యం, ఆ మందు కిడ్నీల మీద భారం వేస్తుంది. మూత్రం ముదురు రంగులో వస్తున్నా, లేచి నిలబడగానే కళ్లు తిరుగుతున్నా నీళ్లు చాలడం లేదని అనుమానించండి. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లకు మాత్రం నీళ్లు ఎంతో డాక్టరే చెప్పాలి.

ఇంకొక సంగతి, ఇది ప్రాణాలకు సంబంధించినది. ఐదు రోజులకు పైగా దాదాపు ఏమీ తినకుండా ఉన్న మనిషికి, లేదా బరువు బాగా పోయిన మనిషికి, ట్యూబు పెట్టగానే ఆకలి మీద ఉన్నాడు కదా అని మొదటి రోజే పూర్తి లెక్క పోయకూడదు. శరీరం ఒక్కసారిగా తిండిని వాడుకోవడం మొదలుపెడితే రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం పడిపోయి గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. అందుకే కొద్దికొద్దిగా మొదలుపెట్టి, రక్తపరీక్షలు చూసుకుంటూ కొన్ని రోజుల్లో పెంచుతారు, ముందుగా థయమిన్ అనే బి1 విటమిన్ కూడా ఇస్తారు. వాళ్లు తక్కువ ఇస్తున్నారని ఆత్రపడి మీరు పెంచకండి.

ఇంట్లో వండినదే మిక్సీలో వేసి ఇవ్వొచ్చా అని అందరూ అడుగుతారు, నేనూ అడిగాను. ముక్కు ట్యూబు సన్నగా ఉంటుంది, అందులో చిక్కటిది పోదు, పోయేలా పలచన చేస్తే కడుపు నిండుతుంది కానీ బలం అందదు. వెడల్పాటి పొట్ట ట్యూబుకు, అదీ గాయం మానాక, డైటీషియన్ లెక్క కట్టి ఇచ్చిన పద్ధతిలో చేసి, బాగా వడగట్టి ఇవ్వొచ్చు. అలా చేసినది బయట రెండు గంటలకు మించి ఉంచకండి. కీమో నడుస్తుండగా తెల్లరక్తకణాలు తగ్గి ఉన్న రోజుల్లో మాత్రం డబ్బా ఫార్ములానే మేలని నా అభిప్రాయం, ఆ రోజుల్లో చిన్న ఇన్ఫెక్షన్ కూడా ఆసుపత్రిలో చేర్చేదాకా తీసుకెళ్తుంది.

ఒక్కో ఫీడ్ ఇలా ఇవ్వండి

ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి. ఎన్నిసార్లు ఇస్తే అన్నిసార్లూ. తర్వాత రోగిని కూర్చోబెట్టండి, కూర్చోలేకపోతే నడుము దగ్గర్నుంచి పైభాగం మొత్తం 30 నుంచి 45 డిగ్రీలు లేచి ఉండేలా దిండ్లు పెట్టండి. తల కింద ఒక్క దిండు పెడితే మెడ వంగుతుంది కానీ ఛాతీ లేవదు, అది చాలదు. పడుకోబెట్టి ఎప్పుడూ ఇవ్వకండి.

ముక్కు ట్యూబు అయితే పోసే ముందు అది సరైన చోటే ఉందో లేదో ప్రతిసారీ చూడాలి. ముక్కు దగ్గరి సెంటీమీటర్ల గుర్తు మీరు రాసుకున్నదేనా? ప్లాస్టరు ఊడలేదు కదా? ట్యూబు నోట్లో చుట్టలు చుట్టుకుందేమో నోరు తెరిపించి చూడండి. మీకు పీహెచ్ కాగితం (ఆమ్లం ఎంతుందో చూపే కాగితం) ఇచ్చి ఉంటే సిరంజితో కొద్దిగా ద్రవం లాగి దాని మీద వేయండి, 5.5 గానీ అంతకన్నా తక్కువ గానీ వస్తే కడుపులో ఉన్నట్టే. ఎసిడిటీ మాత్రలు వాడేవాళ్లకు అంకె పెరగవచ్చు, అప్పుడు ఏం చేయాలో ముందే అడిగి ఉంచుకోండి. గాలి కొట్టి స్టెతస్కోపుతో శబ్దం వినే పద్ధతి చాలాచోట్ల కనిపిస్తుంది కానీ దాన్ని నమ్మకండి, ట్యూబు ఊపిరితిత్తుల్లో ఉన్నా అలాంటి శబ్దమే వినిపించవచ్చు. అనుమానంగా ఉంటే ఆ పూట ఫీడ్ ఆపి ఆసుపత్రికి వెళ్లండి. ఒక పూట ఆలస్యమైతే ఏమీ కాదు, ఊపిరితిత్తుల్లోకి పోతే మాత్రం చాలా ప్రమాదం.

ఫార్ములా గది వేడిలో ఉండాలి. ఫ్రిజ్‌లోంచి తీసింది అరగంట బయట ఉంచండి, మైక్రోవేవ్‌లో పెట్టకండి. డబ్బా బాగా కుదిపి, తేదీ చూసి, కావలసినంత గ్లాసులోకి కొలిచి తీసుకోండి. క్లాంపు (ట్యూబును నొక్కి మూసే క్లిప్పు) మూసి ఉండగానే 50 లేదా 60 మిల్లీలీటర్ల సిరంజి తగిలించి, పిస్టన్ తీసేసి, ముందు నీళ్లు పోసి క్లాంపు తెరవండి. నీళ్లు సాఫీగా దిగితే దారి బాగుందని అర్థం. ఆ నీళ్లు పూర్తిగా అయిపోకముందే ఫార్ములా పోయండి, మధ్యలో సిరంజి ఖాళీ అయితే గాలి పోయి కడుపు ఉబ్బుతుంది. సిరంజిని పొట్ట ట్యూబు అయితే కడుపు కన్నా, ముక్కు ట్యూబు అయితే ముక్కు కన్నా జానెడు ఎత్తులో పట్టుకుంటే దానంతటదే దిగుతుంది, త్వరగా పోతుంటే కొంచెం దించండి, మరీ నెమ్మదైతే కొంచెం ఎత్తండి. 200 నుంచి 250 మిల్లీలీటర్లకు 20 నుంచి 30 నిమిషాలు పట్టనివ్వండి. పిస్టన్‌తో నెట్టేస్తే ఐదు నిమిషాల్లో అయిపోతుంది, కానీ వాంతి, పొట్టలో మెలిపెట్టడం, విరేచనం ఇవన్నీ చాలావరకు ఆ తొందర వల్లే వస్తాయి. అయ్యాక మళ్లీ నీళ్లు పోసి, క్లాంపు వేసి, మూత పెట్టండి. తర్వాత కనీసం అరగంట, వీలైతే గంటసేపు అలాగే కూర్చోబెట్టి ఉంచండి.

రాత్రిపూట పంపు మీద నెమ్మదిగా ఇస్తుంటే మంచం తలవైపు రాత్రంతా ఎత్తుగానే ఉండాలి. సిరంజిని పిస్టన్ విడదీసి, గోరువెచ్చటి సబ్బునీళ్లతో కడిగి, గాలికి ఆరనివ్వండి. తెరిచిన ఫార్ములా మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచి 24 గంటల్లో వాడేయాలి, పొడి కలిపినది బయట ఉంచితే నాలుగు గంటలకు మించి వాడకూడదు. ఎంత పోయిందో, ఎన్ని గంటలకో, వాంతి అయిందా లేదా అన్నది నోట్‌బుక్‌లో రాయండి. ఆ నోట్‌బుక్ చూసే మా డైటీషియన్ ప్రతి వారం లెక్క సరిచేసేవారు.

మందులు ఇచ్చేటప్పుడు

ఒకరోజు తొందరలో రెండు మాత్రలు కలిపి నూరి, ఫార్ములాలోనే వేసి ఇచ్చాను. ట్యూబు బిగుసుకుపోయి, అర్ధరాత్రి ఆసుపత్రికి పరుగెత్తాల్సి వచ్చింది. అందుకే చెబుతున్నాను, ప్రతి మందూ విడిగా ఇవ్వాలి, ఫార్ములాలో కలపనే కూడదు. ముందు 30 మిల్లీలీటర్ల నీళ్లు, తర్వాత మందు, ఒక మందుకూ ఇంకో మందుకూ మధ్య మళ్లీ 10, 15 మిల్లీలీటర్లు, చివర్లో 30. ద్రవరూపంలో దొరికే మందును అలాగే రాయించుకోండి. మాత్ర తప్పనిసరి అయితే మెత్తని పొడిగా నూరి నీళ్లలో పూర్తిగా కలిపాకే ఇవ్వండి. మెల్లగా కరిగేలా తయారుచేసిన మాత్రలు, పైన ప్రత్యేకమైన పూత ఉన్న మాత్రలు నూరకూడదు, ముఖ్యంగా రోజుకు ఒకటి రెండుసార్లే వేసుకునే నొప్పి మాత్రలను నూరితే మందంతా ఒక్కసారిగా ఒంట్లోకి చేరి ప్రాణం మీదకు రావచ్చు. ట్యూబు పెట్టిన రోజే మందుల చీటీ మొత్తం ఫార్మసిస్టుకు చూపించి, ఏవి నూరవచ్చో గుర్తు పెట్టించుకోండి. కీమో మాత్రలేవైనా ఉంటే ఇంట్లో అసలు నూరకండి, అడగండి.

ట్యూబు బిగుసుకుంటే గోరువెచ్చటి నీళ్లు పెద్ద సిరంజితో కొద్దిగా నెట్టి, కొద్దిగా లాగి, మళ్లీ నెట్టి, ఇలా ఓపిగ్గా కొన్ని నిమిషాలు చేయండి. నీళ్లు లోపల ఉంచి క్లాంపు వేసి కాసేపాగి మళ్లీ ప్రయత్నించండి. చిన్న సిరంజి వాడితే ఒత్తిడి ఎక్కువై ట్యూబు పగలవచ్చు. కూల్‌డ్రింకులు పోయకండి, వాటి ఆమ్లం ఫార్ములాను గడ్డకట్టిస్తుంది. తీగలాంటివేవీ లోపల పెట్టి పొడవకండి. రాకపోతే ఆసుపత్రికి వెళ్లండి, అక్కడ దీనికి మందులుంటాయి.

పొట్ట ట్యూబు చుట్టూ చర్మం

రోజూ ఒకసారి సబ్బు, నీళ్లతో మెత్తగా శుభ్రం చేసి, తడి లేకుండా అద్ది తుడవండి. గాయం మానాక కట్టు అక్కర్లేదు, గాలి తగిలితేనే మంచిది. బయటి బిళ్ళ చర్మానికి అదిమి ఉండకూడదు, అర సెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరు సందు ఉండాలి. బిగుతుగా వదిలేస్తే లోపలి బిళ్ళ కడుపు గోడలోకి కూరుకుపోతుంది. అది జరగకుండా, గాయం మానిందని ఆసుపత్రి వాళ్లు చెప్పాక, కనీసం వారానికొకసారి ట్యూబును రెండు మూడు సెంటీమీటర్లు లోపలికి నెట్టి, గుండ్రంగా తిప్పి, మళ్లీ పాత గుర్తు దగ్గరికి తేవాలి. ఎలాగో నర్సు చేతిలో చూసి నేర్చుకోండి. బెలూను రకమైతే తిప్పే పద్ధతి, నీళ్లు మార్చే పద్ధతి వేరు, అదీ నేర్చుకోండి.

కొంచెం ఎర్రగా ఉండటం, పారదర్శకంగా కాస్త ద్రవం రావడం మొదట్లో మామూలే. ఎరుపు పాకుతూ వేడిగా, నొప్పిగా ఉన్నా, చీము వాసన వచ్చినా, కడుపులోనిది పక్కనుంచి కారి చర్మం కాలినట్టు అవుతున్నా చూపించండి.

కడుపు ఇబ్బంది పడితే

విరేచనాలు పట్టుకుంటే ముందు మీ పని ఎలా జరుగుతోందో చూసుకోండి, వేగం ఎక్కువైందా, చల్లగా ఇచ్చారా, సిరంజి శుభ్రంగా ఉందా. యాంటీబయాటిక్స్ వల్ల కావచ్చు, సార్బిటాల్ అనే తీపి పదార్థం కలిపిన సిరప్‌ల వల్ల కావచ్చు. ఫార్ములాను నిందించి మీ అంతట మీరు రోజంతా ఆపేయకండి. మలబద్ధకం అయితే మార్ఫిన్ జాతి నొప్పి మందులే ఎక్కువసార్లు కారణం, ఆ మందులు మొదలైన రోజే విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా అడిగి రాయించుకోండి. వాంతి వస్తున్నట్టుంటే ఆ ఫీడ్ ఆపి, గంటాగి సగం మోతాదు నెమ్మదిగా ఇచ్చి చూడండి. కొన్నిసార్లు జిగురు ఉమ్మి గొంతులో పేరుకోవడం వల్లే వాంతి వస్తుంది, అలాంటప్పుడు ఫీడ్‌కు ముందు నోరు బాగా పుక్కిలిస్తే తేలికపడుతుంది.

బరువు వారానికి ఒకసారి, ఒకే సమయంలో, ఒకే త్రాసు మీద చూడండి. వారంలో రెండు శాతానికి మించి, అంటే 60 కిలోల మనిషి 1.2 కిలో కన్నా ఎక్కువ తగ్గితే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి, ఫోన్ చేయండి.

నోటినీ గొంతునూ వదిలేయకండి

అన్నిటికన్నా ఎక్కువ నొక్కి చెప్పాలనుకున్నది ఇదే. ట్యూబు వచ్చాక అందరికీ ఊరట కలుగుతుంది, నొప్పితో మింగే బాధ తప్పుతుంది, దాంతో నోటితో ఏమీ తీసుకోవడం మానేస్తారు. రేడియేషన్ తగిలిన గొంతు కండరాలు పని లేకుండా వారాల తరబడి ఉంటే బిగుసుకుపోతాయి. ఆ తర్వాత పుండ్లన్నీ మానినా గుటక పడదు, ట్యూబు తీయడం కుదరదు. మా అన్నయ్య కూడా రెండు వారాలు అలా వదిలేశారు, దాన్ని వెనక్కి తెచ్చుకోవడానికి రెండు నెలలకు పైగా పట్టింది.

కాబట్టి మింగడం నేర్పే థెరపిస్టును రేడియేషన్ మొదలవకముందే కలవండి. మొదలైపోయిందా, అయితే ఈ వారమే కలవండి. నోటితో నీళ్లు తీసుకోవడం క్షేమమేనా అని వాళ్లు పరీక్షించి చెబుతారు. క్షేమమంటే రోజుకు కొన్నిసార్లు, నొప్పి మందు వేసుకున్న అరగంట తర్వాత, నిటారుగా కూర్చుని, చెంచాడేసి నీళ్లు మింగించండి. అవి కడుపు నింపడానికి కాదు, కండరాలు పని మరచిపోకుండా ఉండటానికి. వాళ్లు ఇచ్చే వ్యాయామాలు కూడా ఇలాగే సులువుగా ఉంటాయి, పెద్ద ముద్ద మింగుతున్నట్టు బలమంతా పెట్టి ఉత్త గుటక వేయడం, నాలుక కొసను పళ్ల మధ్య పట్టుకుని ఉమ్మి మింగడం, నోరు వీలైనంత తెరిచి కాసేపు అలాగే ఉంచడం. రోగి మూడు వేళ్లు నిలువుగా పళ్ల మధ్య పట్టేంత నోరు తెరుచుకుంటోందా అని వారానికొకసారి చూడండి, తగ్గుతూ వస్తే దవడ బిగుస్తోందని అర్థం, వెంటనే చెప్పండి.

ఇందులో ఒక ప్రమాదం ఉంది. మామూలు మనిషికి పొలమారితే దగ్గు వస్తుంది. రేడియేషన్ తర్వాత గొంతులో స్పర్శ మొద్దుబారి, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతున్నా దగ్గు రాకపోవచ్చు. తాగాక గొంతు గరగరలాడుతూ తడిగా వినిపించడం, మళ్లీ మళ్లీ జ్వరం, కళ్లె పెరగడం, ఆయాసం కనిపిస్తే నోటితో ఇవ్వడం ఆపి డాక్టరుకు చూపించండి. థెరపిస్టు వద్దన్నవాళ్లకు ప్రేమకొద్దీ ఒక్క గుక్క కూడా పట్టకండి.

నోటితో తినకపోయినా నోరు కడగాలి, ఇంకా ఎక్కువే కడగాలి. మెత్తటి బ్రష్‌తో రోజుకు రెండుసార్లు, ఒక కప్పు గోరువెచ్చటి నీళ్లలో పావు చెంచా వంటసోడా, అందులో సగం ఉప్పు కలిపి రెండు మూడు గంటలకొకసారి పుక్కిలించి ఉమ్మేయించండి. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ వద్దు, పుండ్ల మీద మంట పెడుతుంది. నోరు శుభ్రంగా ఉంటే ఉమ్మి పొరపాటున ఊపిరితిత్తుల్లోకి జారినా ఇన్ఫెక్షన్ అవకాశం తగ్గుతుంది.

మనసు సంగతి కూడా చూడండి. అందరూ భోజనానికి కూర్చున్న సమయంలో కొందరికి పక్కనుండాలని ఉంటుంది, కొందరికి ఆ వాసనే భరించడం కష్టం. మనమే ఊహించుకుని తలుపు వేయడం కన్నా అడగడం మంచిది. మా అన్నయ్య తన ఫీడ్‌ను మేం తినే వేళకే పెట్టించుకునేవారు, పక్కన కూర్చుని కబుర్లు చెప్పేవారు. కొన్నాళ్లకు సిరంజి తనే పట్టుకోవడం మొదలుపెట్టారు. చేతనైన రోగికి ఆ పని అప్పగించండి, చాలా తేడా కనిపిస్తుంది.

వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సినవి

ముక్కు ట్యూబు ఊడినా, జారినా మీరు గానీ, తెలిసిన నర్సు గానీ ఇంట్లో మళ్లీ పెట్టకండి. గొంతు ఆపరేషన్ అయినవాళ్లకు లోపల కుట్లుంటాయి, గుడ్డిగా తోస్తే కుట్లలోంచి పోయే ప్రమాదం ఉంది. పొట్ట ట్యూబు ఊడితే శుభ్రమైన గుడ్డ కప్పి ఆలస్యం లేకుండా బయలుదేరండి. పెట్టి నాలుగు వారాలు దాటితే దారి కుదురుకుని ఉంటుంది కానీ ఆ రంధ్రం గంటల్లోనే మూసుకుపోవడం మొదలవుతుంది. నాలుగు వారాల లోపే ఊడితే అది ఎమర్జెన్సీ, ఇంట్లో తిరిగి తోసే ప్రయత్నం అస్సలు చేయకండి. ఊడిన ట్యూబును కూడా వెంట తీసుకెళ్లండి, సైజు తెలుస్తుంది.

పొట్ట ట్యూబు పెట్టిన మొదటి 72 గంటల్లో ఫీడ్ ఇస్తుంటే తీవ్రమైన నొప్పి వచ్చినా, కొత్త రక్తం కనిపించినా, పక్కనుంచి కడుపులోనిది కారినా ఫీడ్ వెంటనే ఆపి పరుగెత్తండి. ఏ ట్యూబు అయినా, ఎప్పుడైనా, ఫీడ్ మధ్యలో దగ్గు తెరలు వచ్చినా, ఊపిరాడకపోయినా, పెదాలు నీలంగా మారినా అంతే. కీమో తీసుకుంటున్నవాళ్లకు 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం అంటే ఏ వేళైనా సరే వెళ్లాలి. పొట్ట రాయిలా బిగిసి ఉండటం, వాంతిలో రక్తం, నల్లటి విరేచనం కూడా ఇందులోకే వస్తాయి.

ట్యూబు మానిపించడం

పుండ్లు మానాక, థెరపిస్టు సరేనన్నాక, మెత్తటి ఆహారంతో నోటి తిండి మొదలవుతుంది. రోజుకు ఎంత తిన్నారో రాస్తూ, నోటితో వెళ్లిన కేలరీలకు సరిపడా ఫీడ్‌లు ఒక్కొక్కటిగా తగ్గించాలి. పగటి ఫీడ్ ముందు తగ్గిస్తే ఆకలి వేస్తుంది, ఆకలి వేస్తే ప్రయత్నం పెరుగుతుంది. ఒక వారం బాగా తిని మరుసటి వారం వెనక్కి పోవడం చాలామందికి జరుగుతుంది, అప్పుడు ఒక ఫీడ్ తిరిగి కలపండి, తిట్టకండి. పూర్తిగా నోటి తిండి మీదే ఉండి, బరువు రెండు నుంచి నాలుగు వారాలు తగ్గకుండా నిలబడితే, మళ్లీ ఆపరేషన్ లాంటిదేమీ ముందు లేకపోతే, అప్పుడు తీసేయమని అడగండి. ఈ మధ్యలో వాడకపోయినా రోజూ కనీసం ఒకసారి నీళ్లు పోస్తూ ఉండాలి, లేకపోతే మూసుకుపోతుంది.

పొట్ట ట్యూబు తీశాక రంధ్రం మామూలుగా కొద్ది రోజుల్లోనే పూడుకుంటుంది, అప్పటిదాకా చిన్న కట్టు వేసుకుని, ఒక్కసారిగా ఎక్కువ తినకుండా కొద్దికొద్దిగా తింటే కారడం తక్కువగా ఉంటుంది. వారం దాటినా ఇంకా కారుతుంటే చూపించండి. వారానికోసారి బరువు చూడటం, మింగే వ్యాయామాలు మాత్రం ఆపకండి, గొంతు బిగుసుకోవడమనేది రేడియేషన్ అయిన కొన్నేళ్లకు కూడా మొదలవవచ్చు.